గేర్లలో మన్ను

జూలై 5, శనివారం

కంప్యూటర్ సార్ ఇంతియాజ్ మా బడికి వచ్చి నెల కాలేదు. అప్పుడే నా రిమోట్ బండ్ల క్లబ్బు పిల్లలు సగం మంది ఆయన గదిలో. మూడేళ్లుగా మోటార్లు, వైర్లు వాళ్ల చేతికి అలవాటు చేసింది నేను. ఆయన ల్యాప్‌టాప్‌లో నాలుగు ముక్కల కోడ్ కొట్టించి బండిని దానంతటదే మలుపు తిప్పించాడట. నోళ్లు వెళ్లబెట్టారు.

జూలై 8, మంగళవారం

ఇవాళ లావణ్య కూడా. తొమ్మిదో తరగతిలో నేను నమ్ముకున్న పిల్ల. "సార్ ఏది చెప్పినా ఎందుకో గూడా చెప్తాడు మేడం. నేర్చుకోని వచ్చేస్తా." వెళ్లమన్నాను. నవ్వాను కూడా. కడుపు మండిపోయింది.

జూలై 9

ఇంతియాజ్ టీ తెచ్చిచ్చాడు. మంచివాడే... అదే నా ఒళ్లుమంట.

జూలై 18, శుక్రవారం

వరండాలో లావణ్య బండి నున్నగా పోతోంది. గేర్ల మీద నేను చుట్టించే సైకిల్ ట్యూబు ముక్క లేదు. బరువని తీసేశారట. సిమెంటు మీద ఏ బండైనా పోతుంది. రేపటి మండల బండ్ల పోటీ దుక్కిలో, ఇరవై సాళ్లు దాటాలి. ఈ గాలికి ఎర్రమన్ను దూరని సందు లేదు. చెబుదామని గడప దాకా వెళ్లాను. లోపల లావణ్య ఆయనతో ఏదో అంటూ నవ్వుతోంది. వెనక్కి వచ్చేశాను.

జూలై 19, శనివారం

ఆరు సాళ్లు దాటింది. ఏడో సాలులో కీచుమని ఆగింది — గేర్ల నిండా మన్ను. అనంతపురంలో జిల్లా పోటీకి పోయే అవకాశం పక్క ఊరి బడికి పోయింది. లావణ్య ఏడాదిగా కలలు కన్నది దానికోసమే.

సంతోషం వేసింది. ఇక్కడ కూడా అబద్ధమెందుకు. ఇంతియాజ్ ముఖం చూద్దామని తిరిగాను, లావణ్య ముఖం కనబడింది.

"ట్యూబు నేనే తీయించినా మేడం. ఎందుకుండాదని అడిగితే పిల్లలకే తెలీదన్నారు" అన్నాడు ఇంతియాజ్.

నిజమే. చుట్టమన్నానే గానీ ఎందుకో ఏనాడూ చెప్పలేదు.

"నిన్న మేడం వరండాలోకి వచ్చినట్లుండె. చూసినారేమో" అన్నాడు లావణ్యతో, మెల్లగా.

"చూసింటే చెప్పేవాళ్లే సార్" అంది లావణ్య. "మాకు చెప్పకుండా ఉంటారా?"

జూలై 20

చూసి కూడా ఊరుకున్నానని చెప్పాలి. చెబితే ఆ పిల్ల మళ్లీ నా ముఖం చూడదు.

జూలై 21, సోమవారం

బడి గంట కొట్టకముందే లావణ్య బండి పట్టుకుని నా బల్ల ముందుకు వచ్చింది.

"ఇంక మీ దగ్గరే ఉంటా మేడం. ఆ సార్ మాట వినే చెడిపోయినా."

నాకు కావలసింది ఇదే కదా.

గేర్లు విప్పి తుడవమన్నాను. తుడుస్తోంది... నేనింకా ఏమీ చెప్పలేదు.