చెంచురామయ్య చేలో ఇంజన్ల ఫ్యాక్టరీ పెట్టవద్దని

జిల్లా పరిశ్రమల అధికారి గారి సముఖమునకు,

ప్రకాశం జిల్లా, చినమల్లెపాడు గ్రామ కాపురస్తురాలు, కీర్తిశేషులు శివనాగరాజు భార్య కోటేశ్వరి వ్రాసుకొను అర్జీ.

అయ్యా,

విషయం: కరెంటు లారీల ఇంజన్ల ఫ్యాక్టరీని మా గ్రామము నుండి తప్పించి, కనిగిరి వైపు ప్రభుత్వ బీడులో నెలకొల్పుట గురించి.

1. సదరు కంపెనీ వారు మా గ్రామములోను, కనిగిరి వైపు బీడు భూమిలోను స్థలములు చూచియున్నారనియు, రెంటిలో ఏది తగునో తమరు నివేదిక పంపవలసియున్నదనియు గ్రామసభలో తెలిపియున్నారు. కంపెనీ ఇంజనీరు చైతన్యకృష్ణ గారు మాకు అర్థమయ్యేటట్టు చెప్పారు. ఈ లారీ చక్రాలు కరెంటుతోనే తిరుగుతాయట. దూరాభారం పోయేటప్పుడు బ్యాటరీ తగ్గితే ఈ ఇంజను నడిచి దాన్ని ఛార్జి చేస్తుందట, చక్రాల జోలికి పోదట. నీళ్ళు, కరెంటు, పెద్ద రోడ్డు ఉంటే ఇంజను ఎక్కడైనా తయారు చేయవచ్చునని ఆయన నోటితోనే అన్నారు. ఎక్కడైనా అయినప్పుడు ఇక్కడే ఎందుకని నా మనవి.

2. మా గ్రామములో చూచిన స్థలము మాజీ సర్పంచి చెంచురామయ్య గారి మిరప చేను. ఆయన నా భర్తకు వరసకు బాబాయి. ఆయన చేను ఊరి రోడ్డు పక్కన, మా చేను దాని వెనక. తాతల నాటి నుండి మా బండ్లు ఆయన చేలో ఉన్న డొంకనే వచ్చి పోయేవి. పంచాయతీ ఎన్నికలలో మేము ఓటు వేయలేదన్న కోపముతో ఆయన సదరు డొంకకు ఇనుప గేటు పెట్టి తాళము వేసియున్నారు.

3. ఆ ఏడాది మిరప మొక్కలు నాటుతుండగా నా భర్తకు చేలోనే గుండెనొప్పి వచ్చినది. 108 బండి వచ్చి గేటు అవతల ఆగిపోయినది. గేటు మీదుగా ఎత్తి అందిద్దామంటే పైన ముళ్ళతీగ. చెంచురామయ్య గారు బోరు షెడ్డు నీడలో మంచం మీద కూర్చుని ఉన్నారు. పరుగెత్తుకెళ్ళి ఆయన కాళ్ళు పట్టుకున్నాను.

"మామయ్యా, తాళం తియ్యి. మనిషి పోయేట్టున్నాడు" అన్నాను.

"డొంక నా పట్టాలోది. ఇవాళ మనిషికి తీస్తే రేపు ట్రాక్టరుకి తీయమంటారు. కాలవ కట్ట మీదుగా మోసుకుపోండి" అన్నారు.

మోశాము. వానలకు నల్లరేగడి మోకాళ్ళ దాకా దిగబడుతోంది. కాలవ దాటకముందే ఆయన నా ఒళ్ళో పోయాడు. బండి వాళ్ళు గేటు అవతల నుంచి చూస్తూనే ఉన్నారు.

4. తదుపరి బైపాసు రోడ్డు మంజూరై మా చేనికి పడమటి గట్టు వెంబడి పోయినది. అందుచేత ఇప్పుడు మా చేను ముందు, ఆయన చేను వెనక అయినవి. ఊరి రోడ్డు మీద పెద్ద లారీలు తిరగవు కాబట్టి, ఫ్యాక్టరీకి దారి కావాలంటే నా చేలోనుంచే పోవాలి. ఇది నేను చేసినది కాదు. అయితే జరిగినందుకు చాలా సంతోషించాను.

5. గ్రామసభలో చెంచురామయ్య గారు లేచి, ఆ డొంక ఎప్పటినుంచో అందరిదీ అని, మనుషులు నడిచి రావడానికి దానినీ వాడుకోవచ్చునని అధికారులకు సెలవిచ్చినారు. నేను లేచాను.

"మరి ఆ రోజు నీ పట్టాలోది అన్నావు కదా మామయ్యా?"

"పోయినవాడి సంగతి ఇప్పుడెందుకమ్మాయ్? ఊరు బాగుపడుతుంటే అడ్డం రాకు" అన్నారు. కొందరు తలలూపారు. ఆ తలలు ఎవరివో నాకు తెలుసు.

ఆ తర్వాత ఆయన, భార్య రాఘవమ్మ గారు మా ఇంటికి వచ్చారు. మిరపకు నల్లతామర పురుగు పట్టి పంట చేతికి రావడం లేదని, ఈ ఫ్యాక్టరీ వస్తేనే నిలబడతామని రాఘవమ్మత్త ఏడ్చింది. ఆమె మీద నాకు కోపం లేదు, కుర్చీ వేశాను. ఆయనకు వేయలేదు. గుమ్మంలోనే నిలబడి, "తప్పయింది కోటేశ్వరీ" అన్నాడు.

"తప్పు ఎవరి దగ్గర ఒప్పుకోవాలో ఆయన లేడు మామయ్యా. నా దగ్గర ఒప్పుకుంటే సరిపోదు" అని చెప్పి పంపించాను. చాలా ఏళ్ళ తర్వాత ఆ పూట కడుపునిండా అన్నం తిన్నాను.

6. కావున తమరు నా మీద దయతో నివేదికలో కనిగిరినే వ్రాయవలెను. పరిహారము ఇచ్చి నా చేను బలవంతముగా తీసుకొనదలచినచో, కోర్టుకు పోతాను. చెంచురామయ్య గారు ఆ చేనును, ఆ గేటును, ఆ తాళమును ఉంచుకొని అక్కడే ఉండవలెను. చేను అమ్ముకొని, చేతులు కడుక్కొని పట్నం పోరాదు. పొద్దున లేస్తే నేను ఆయనకు కనబడవలెను. నా కోరిక ఇంతే.

పై సంగతులన్నీ నిజమని తలచి చిత్తగించవలెను.

ఇట్లు,
తమ విధేయురాలు,
కోటేశ్వరి

తాజా కలము: అయ్యా, ఈ అర్జీ నేను చెబుతుంటే రాసింది నా కూతురు బిందుమాధవి. మెకానికల్ డిప్లొమా చదివింది. ఫ్యాక్టరీ ఇక్కడ వస్తే ఊరి పిల్లలను తీసుకుంటామని ఆ ఇంజనీరు దానికి చెప్పాడు. అప్పటినుంచీ అది ఆ ఇంజన్ల గురించే మాట్లాడుతోంది. కనిగిరిలో పెడితే అక్కడే గది తీసుకుని పని చేసుకుందువులే అన్నాను. కలం ఆపి, "ఇదంతా నాన్న కోసమా అమ్మా, నీ కోసమా?" అని అడిగింది.

"నా కోసమే. అది కూడా రాయి" అన్నాను. రాసింది. అప్పటినుంచి చెప్పింది రాస్తోందే గానీ నాతో మాట్లాడటం లేదు.

తమరు మంచివారని విన్నాను. పిల్ల ముఖం తలుచుకుని, జాలిపడి, ఫ్యాక్టరీ ఇక్కడే పెట్టిస్తారేమోనని నాకు భయంగా ఉంది. దయచేసి జాలిపడవద్దు. నేనే పడకుండా ఉండటానికి నానా తంటాలు పడుతున్నాను.