నిద్రపోని కండరం

సోమవారం

మా తాళాల అక్కకు,

నువ్వు క్షేమంగా ఇల్లు చేరావని అమ్మ ఫోన్లో ప్రకటించింది. స్పీకరు పెడితే గానీ ఆవిడకు వినపడదు, స్పీకరు పెడితే వీధంతా వింటుంది. అందుకే నీతో చెప్పాల్సినవన్నీ కాగితం మీద పెడుతున్నాను. ఈ ఉత్తరం మాత్రం అమ్మకు నిక్షేపంగా చదివి వినిపించు. ఇందులో నా గెలుపు తప్ప రహస్యాలేమీ లేవు.

గెలిచాను కదూ! ఊహ తెలిసినప్పటి నుంచి బల్ల మీద మోచేతులు ఆనించి నీతో చెయ్యి కలిపిన ప్రతిసారీ నా చెయ్యే దబ్బున కింద పడేది. నువ్వు కనీసం ఆయాసపడేదానివి కూడా కాదు. శనివారం మా ల్యాబులో, మా పెద్ద డాక్టరు గారి కళ్ళ ముందు, నీ చెయ్యి కింద, నా చెయ్యి పైన. నీ మొహం చూసి తీరాల్సిందే. తాళాలు విప్పీ విప్పీ చేతులు ఉక్కులా ఉంటాయని ఇక నా దగ్గర డంబాలు కొట్టకు.

నేనేం ఉద్యోగం చేస్తానో ఇన్నాళ్ళకు నీకు అర్థమైనందుకు కూడా సంతోషంగా ఉంది. పదేళ్ళుగా అడుగుతున్నావు, "అక్కడ నువ్వు చేసేదేంటే?" అని. చూశావుగా. మనుషులు మా గదిలో నడుస్తారు, లేస్తారు, కూర్చుంటారు, గ్లాసు ఎత్తుతారు. కండరం కదిలినప్పుడు అందులో పుట్టే పిసరంత కరెంటును చర్మం మీద జిగురు బిళ్ళలు అంటించి తెర మీద గీతలుగా పట్టుకుంటాం. నీకు బిళ్ళలు అంటిస్తుంటే "నన్నేమైనా కరెంటు స్తంభానికి కట్టేస్తున్నావా?" అన్నావు. డాక్టరు గారు అటు తిరిగి నవ్వుకున్నారు.

ఆటకు ముందు ఒక నిమిషం చేతులు ఊరికే బల్ల మీద పెట్టి కూర్చోమన్నాను, గుర్తుందా? అది మా నియమం. కదలికను కొలిచే ముందు కదలకపోవడాన్ని కొలవాలి. నువ్వు ఆ నిమిషమంతా మాట్లాడుతూనే ఉన్నావు. తెర చూస్తే నవ్వి పాడుచేస్తావని అటు తిప్పి పెట్టాను. ఎర్ర గీత నాది, నీలం గీత నీది అని ముందే చెప్పేశాను. ఎర్ర రిబ్బను, ఎర్ర పెన్సిలు, ఎర్ర పళ్ళెం చిన్నప్పటి నుంచీ నావే, ముప్ఫై మూడేళ్ళొచ్చినా ఆ బుద్ధి పోలేదు. రికార్డింగును 'ఆట' అనే పేరుతో దాచాను. తీరిక దొరికినప్పుడు చూసి నువ్వెంత కండ పెట్టావో బయటపెడతాను.

ఇక బెల్టులాయన సంగతి. మా పక్క గదిలో కాళ్ళు సరిగ్గా నిలవని వాళ్ళకు పట్టీలూ బెల్టులూ చేసే ఆ మనిషిని చూశావుగా. పెళ్ళి చేసుకుందామా అని అడిగాడు. నెల గడువు పెట్టాను. ఎలా ఉన్నాడో రాయి. అమ్మ అభిప్రాయం అడక్కు, అది ఇక్కడి దాకా వినిపిస్తుంది.

నీ విజేత,
పొట్టి


శుక్రవారం

అక్కా,

దీన్ని అమ్మకు చదివి వినిపించకు. అడిగితే వాన గురించి రాసిందని చెప్పు. కొట్లో ఎవరూ లేనప్పుడు, షట్టరు సగం దించుకుని చదువు.

నీకు ఆ ఉత్తరం రాసిన మర్నాడే, మంగళవారం మధ్యాహ్నం భోజనాల వేళ, ఒక చేత్తో చెంచా పట్టుకుని ఇంకో చేత్తో 'ఆట' తెరిచాను. నీమీద ఎగతాళి ఏం చెయ్యాలా అని వెతుక్కుంటున్నాను. చేతులు ఊరికే పెట్టుకున్న ఆ మొదటి నిమిషం ఉంది చూడు, అప్పుడు గీత చదునుగా ఉండాలి. పని లేనప్పుడు కండరం నిద్రపోతుంది. నీ నీలం గీత అలాగే ఉంది. ముచ్చటేసింది అక్కా, దువ్వినట్టు నున్నగా ఉంది. ఎర్ర గీత నిద్రపోవడం లేదు. ఉండి ఉండి ఉలిక్కిపడుతోంది. రెండు సెకన్లు ఊరుకుంటుంది, ఒక్కసారి ఎగురుతుంది. వైరు వదులై ఉంటుందనుకున్నాను. గోడలోని వైర్ల కరెంటు గీతలో కలిసిందనుకున్నాను. అలాంటివి ఎలా ఉంటాయో నాకు తెలుసు, ఇది అది కాదు. ఇయర్‌ఫోన్లు చెవులకు పెట్టుకుని ఆ గీత శబ్దం విన్నాను. టప్. కాసేపాగి, టప్.

ఆ శబ్దం నాకు కొత్త కాదు. నాన్నకు పరీక్ష చేసిన రోజు నువ్వు లోపల కాగితాలు పట్టుకుని నిలబడ్డావు, నన్ను బయట బెంచీ మీద కూర్చోబెట్టావు. తలుపు సరిగ్గా పడలేదు. నాన్న చెయ్యి కదలకుండా పడుకుని ఉంటే మిషను టప్, టప్ అంటూనే ఉంది. అప్పుడు నాకు పంతొమ్మిదేళ్ళు. ఆ చప్పుడు ఏమిటో తెలుసుకోవాలనే ఈ చదువు చదివాను. నీతో ఎప్పుడూ చెప్పలేదు, ఉద్యోగాలు త్వరగా వస్తాయట అన్నాను.

తర్వాత ఆట భాగం చూశాను. బలమంతా పెట్టి తోసేటప్పుడు గీత చిక్కగా, సందు లేకుండా రావాలి. నీలం గీత అలాగే ఉంది. ఎర్రది పలచగా ఉంది. అక్కడొకటి, ఇక్కడొకటి, తాటిచెట్లంత పొడుగ్గా. చాలా నరాలు చచ్చిపోయి, మిగిలిన నాలుగూ అందరి పనీ నెత్తిన వేసుకుంటే అలా వస్తుంది. మరి ఇలాంటి చేత్తో నిన్నెలా ఓడించాను? ఆలోచిస్తే తెలిసింది. నువ్వు కావాలని ఓడిపోయావు. నా వాళ్ళందరి ముందు నన్ను గెలిపించావు. ఆ ఉత్తరంలో విర్రవీగినందుకు సిగ్గేసింది.

పేరు తీసేసి డాక్టరు గారికి చూపించాను. ఆయన కాసేపు చూసి "వయసెంత?" అన్నారు. ముప్ఫై మూడని చెప్పాను. "ఇంట్లో ఇంకెవరికైనా ఉందా?" అన్నారు. తండ్రికి ఉండేదన్నాను. కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు. "పై బిళ్ళలతో తేల్చలేమమ్మా, సూది పరీక్ష చెయ్యాలి. తొందరగా రమ్మను. కానీ..." అని ఊరుకున్నారు. ఆయన ఆ 'కానీ' తర్వాత ఏం దాచుకుంటారో పదేళ్ళుగా చూస్తున్నదాన్ని.

ఇప్పుడు అసలు సిగ్గుపడాల్సింది చెబుతాను. మా దగ్గర రోజూ పొద్దున మిషన్ను మొదట మన చేతి మీదే పెట్టి సరిచూసుకోవాలి. కుడిచెయ్యి మౌసు మీద ఉంటుంది కనుక పదేళ్ళుగా నేను చూసుకున్నది ఎడమ చేతినే. మనం ఆడింది కుడిచేత్తో, నాన్నకు మొదలైందీ కుడిచేతిలోనే కదా. ఒక్కసారి కుడిచేతికి బిళ్ళ అంటించుకుంటే తేలిపోతుంది. అంటించుకోలేకపోతున్నాను. ఎడమ చేతిక్కూడా మానేశాను. ఈ పది రోజులూ రిజిస్టరులో 'సరిచూశాను' అని దొంగ సంతకం పెడుతున్నాను. రోగులకు మాత్రం "ఏం భయం లేదండీ, చీమ కుట్టినంత కూడా ఉండదు" అంటున్నాను.

నాకు ఏం జరుగుతుందో నీకు విడిగా చెప్పక్కర్లేదు, అయినా రాస్తాను, రాస్తే గుండె నిబ్బరపడుతుందేమో. ముందు బొటనవేలు పోతుంది. బొత్తాం పెట్టుకోలేను, పెన్ను నిలవదు. తర్వాత మణికట్టు, భుజం, రెండో చెయ్యి. మాట ముద్దముద్దగా అవుతుంది, జనం నేను తాగానేమో అనుకుంటారు. నీళ్ళు మింగితే పొలమారుతుంది. బుద్ధి మాత్రం చెక్కుచెదరదు, అన్నీ తెలుస్తూనే ఉంటాయి. చివరికి ఊపిరి. నాన్నకు నాలుగేళ్ళు పట్టింది. ఆ గీతను చూస్తే అంత గడువు కూడా లేదనిపిస్తోంది. మా గదిలో ఇవన్నీ నేను ఎవరికీ చెప్పను, చెప్పకూడదు. నాకు నేను చెప్పుకోవచ్చు కదా.

అందుకే నిర్ణయం తీసుకున్నాను. ఈ ఆదివారం కాక పై ఆదివారం బెల్టులాయనకు కుదరదని చెప్పేస్తాను. కారణం చెప్పను. చెబితే ఆ మనిషి వెళ్ళడు, ఇంకా గట్టిగా పట్టుకుని కూర్చుంటాడు, నాకు తెలుసు. ఉద్యోగం మానేస్తాను. ఇలాంటి వాళ్ళను చూసుకునే చోట్లు ఉన్నాయి, దూరంగా. అక్కడికి వెళ్తాను. నువ్వు రావద్దు. నీ ఇరవైలన్నీ నాన్న మంచం పక్కన కరిగిపోయాయి. నీ నలభైలు నా మంచం పక్కన పోనివ్వను. నాన్నకు స్నానం చేయించి నువ్వు పెరట్లో నిలబడి ఏడ్చేదానివి, నేను చూడలేదనుకున్నావు.

నీ నీలం గీత బంగారంలా ఉంది. నూరేళ్ళు బతుకుతావు. అది చూసుకునే ధైర్యంగా ఉన్నాను.

పొట్టి


బుధవారం

పొట్టీ,

నీ ఉత్తరం షట్టరు దించుకునే చదివాను. చదువుతూ నీకోసం ఏడ్చాను. ఒకాయన తాళం చెవి పోయిందని బయట తలుపు బాదుతుంటే కూడా లేవలేదు. తర్వాత మొదటి నుంచి మళ్ళీ చదవడం మొదలుపెట్టి, 'ఎర్ర గీత' దగ్గర ఆగిపోయాను.

ఎర్ర వైర్లు నా చేతికి పెట్టావే.

గాభరాపడకు, నిదానంగా చదువు. మీ దగ్గర నుంచి వచ్చాక మోచేతి దగ్గర ఒక బిళ్ళ ఊడకుండా ఉండిపోయింది. అమ్మ పీకింది. ఆవిడ దేన్నీ పారెయ్యదు కదా, కిటికీ చువ్వకు అంటించింది. ఇప్పుడే వెళ్ళి చూసొచ్చాను. దాని మీద వైరు తగిలించే చుక్క ఎర్రగా ఉంది. ఆ రోజు గది చూపిస్తూ నువ్వే అన్నావు, "ఎర్రవి ఎప్పుడూ కుర్చీలో కూర్చున్నవాళ్ళకే అక్కా, నీలంవి మాకు. తికమక పడకుండా అలా పెట్టుకున్నాం" అని. కుర్చీలో కూర్చున్నది నేను. ఎర్రది నాదని నీ నోరు అంది. నీ చేతులు పదేళ్ళుగా చేస్తున్న పనే చేశాయి. నీ నోరు చిన్నప్పటిది, చేతులు ఉద్యోగానివి.

నేను కావాలని ఓడిపోలేదు. ఒళ్ళంతా కూడదీసుకుని, పళ్ళు బిగబట్టి తోశాను. నా చెయ్యి నా మాట వినలేదు.

రెండు నెలలుగా ఇంతే. తాళం చెవికి గాడి కోస్తుంటే ఆకురాయి జారిపోతోంది. పిడికి గుడ్డ చుట్టాను, దాని మీద ఇంకో గుడ్డ చుట్టాను. చిన్న తాళాలు వస్తే రేపు రమ్మని పంపేస్తున్నాను. ఎండ వల్ల అనుకున్నాను, వయసు అనుకున్నాను, ముప్ఫై ఎనిమిదికే వయసేమిటో. నిజానికి ఆ శనివారం నీ దగ్గరికి వచ్చింది అడుగుదామనే. ఎలా మొదలుపెట్టాలా అని తంటాలు పడుతుంటే నువ్వే ఆట అన్నావు. సరే, ఏమైనా ఉంటే గీతల్లో అదే బయటపడుతుంది, నేను నోరు విప్పే పని ఉండదు అనుకున్నాను. తర్వాత నువ్వు గెలిచానని గంతులేస్తూ ఉత్తరం రాస్తే, అయితే ఏమీ లేదు కాబోలు అని హాయిగా ఊపిరి పీల్చుకున్నాను. చూడు నా తెలివి.

ఈ ఉత్తరం చదవగానే లేచి వెళ్ళి కుడిచేతికి బిళ్ళ అంటించుకో. వంకలు చెప్పకు. నున్నగా వస్తుంది. రేపటి సంగతి నీకూ తెలియదు నాకూ తెలియదు గానీ, ఇవాళ్టికి ఆ నీలం గీత నీది. నాకిచ్చిన నూరేళ్ళూ నీవే, తీసుకో. ఆ దొంగ సంతకాల సంగతి కూడా డాక్టరు గారికి చెప్పేసెయ్. తిడతారు, పడు.

నువ్వు రాసిన ఆ బొటనవేలూ మణికట్టూ మింగడమూ అన్నీ మళ్ళీ చదువుకున్నాను. నాకని తెలిస్తే నువ్వు అందులో ఒక్క ముక్క రాసేదానివి కాదు. ఇకమీదట అందరూ నాతో మెత్తగా అబద్ధాలాడతారు, అందరికంటే ముందు నువ్వు. నాన్నతో మనం నాలుగేళ్ళూ ఆడలేదూ, "ఇవాళ పట్టు కాస్త బాగుంది నాన్నా" అని? ఆయన నమ్మినట్టు నటించేవాడని ఇప్పుడు తెలుస్తోంది. నాకు ఉన్నదున్నట్టు చెప్పిన మనిషివి నువ్వొక్కదానివే, అదీ పొరపాటున. ఆ కాగితాన్ని కొట్లో సొరుగులో పెట్టి తాళం వేశాను.

నీ నలభైలు నా మంచం పక్కన పోనివ్వను అని రాశావు. ఇప్పుడు ఆ మాట నేను అనాలి కదా. పెద్దదాన్ని కదా. నీ బతుకు నువ్వు చూసుకో, దూరంగా ఎక్కడికో వెళ్తాను, రావద్దు అని రాద్దామనే పొద్దున్నించి కూర్చున్నాను. రెండు కాగితాలు చించాను. నావల్ల కాలేదు పొట్టీ. నాకు భయంగా ఉంది. చాలా భయంగా ఉంది. నువ్వు రావాలి.

ముందు బెల్టులాయనకు సరేనని చెప్పు. మంచి మనిషి, నాకు నచ్చాడు. నాతో చెయ్యి కలిపినప్పుడు గట్టిగా నొక్కలేదు, బొటనవేలి వైపు ఒకసారి చూసి ఊరుకున్నాడు. అప్పుడు నాకు కోపమొచ్చింది. ఆయన కాళ్ళకేనా, చేతులకు కూడా పట్టీలు చేస్తాడా అడుగు. మొదటి బేరం నాదే.

అమ్మ ఇప్పుడే వంటింట్లోంచి పిలిచింది, చెల్లి ఏం రాసిందే అని. పొట్టి పెళ్ళికి ఒప్పుకుందట అమ్మా అని చెప్పేశాను. ఇక నువ్వు వెనక్కి తగ్గడానికి లేదు. గరిటె చేత్తో పట్టుకునే వచ్చి నా తల నిమిరి వెళ్ళింది, అక్కడ ఏదో కూనిరాగం తీస్తోంది. రెండో సంగతి చెప్పాలంటే నువ్వు పక్కన ఉండాలి. నేనొక్కదాన్నీ ఆవిడకు చెప్పలేను.

అక్క