మా గేటు ముందు ర్యాంపు

మంగళవారం

ఈ ఇంటి మనుషులతో వేగలేక చస్తున్నాను. పోయిన నెల అత్తయ్యగారు ఫుట్‌పాత్ మీద నడిచే వీల్లేక రోడ్డు మీదకు దిగితే, బైకు తగిలి పడిపోయారు. అప్పటినుంచే కదా నాకీ తిరుగుడంతా! ఇవాళ మళ్లీ వార్డు ఆఫీసుకు వెళ్లాను. ఇంజనీరు పాత పాటే పాడాడు.

"ఫుట్‌పాత్ మేం బాగు చేస్తం మేడమ్. కానీ మీ మారేడ్‌పల్లిలో ఇంటింటికీ కార్ల కోసం దాని మీదికెల్లి ర్యాంపులు కట్టుకున్నరు. మనుషులు యాడ నడవాలె? తీయమంటే మీరే లొల్లి చేస్తరు."

నాకు ఒళ్లు మండింది. "మా గేటు ముందు ర్యాంపు లేదు. కావాలంటే వచ్చి చూడండి" అన్నాను.

"రేపు పొద్దుగాల్నే వస్త" అన్నాడు.

ఏదో గెలిచినట్టు ఇంటికి వచ్చాను. గేటు ముందు, ఫుట్‌పాత్‌కు అడ్డంగా, తడి సిమెంటు ర్యాంపు! కుక్కలు తొక్కకుండా మా ఆయన కాపలా కాస్తున్నారు.

"గేట్లోకి ఎక్కిస్తుంటే కొత్త కారు కింద రాసుకుంటోందే. పక్కింటికి మేస్త్రీ వచ్చాడు కదా అని వేయించేశాను. వీధంతా వేసుకోగా లేనిది, మనం వేసుకుంటే ఏంటి?"

"మరి అత్తయ్యగారు ఎటు నడుస్తారు?"

"అమ్మకేం, కార్లో తిప్పుతాను."

ఇప్పుడేమో ఆయన హాయిగా నిద్రపోతున్నారు. పడుకోబోతూ ఒక పని మాత్రం అప్పజెప్పారు: "పొద్దున్నే ర్యాంపుకు నీళ్లు పట్టు, లేకపోతే పగుళ్లొస్తాయి."

అంటే ఇంజనీరు వచ్చేసరికి నేను పైపు పట్టుకుని నిలబడి ఉండాలన్నమాట.