కాసిడీహ్ పౌల్‌రాజు ఎవరంటే

కద్మా,
14 సెప్టెంబరు 1981

శ్రీవారికి,

పద్మ నమస్కారాలు. ఇక్కడ అందరం క్షేమం అని రాయడం అలవాటు. ఉన్నది నేనొక్కదాన్నే కాబట్టి, నేను క్షేమం. నోవాముండి గనుల దగ్గర మీ జ్వరం తగ్గిందనుకుంటాను.

మీరడిగినవి: వంటింటి కప్పు బాగుచేశారు, ఇప్పుడు కారడం లేదు. మీ ఉన్ని స్వెట్టరు పెట్టెలోనే ఉంది, పురుగు పట్టలేదు.

ఇక ఆఖరిది. "మన ఊళ్ళోనే, కాసిడీహ్‌లో పౌల్‌రాజు గారని గొప్ప ఆటగాడున్నారు. ఏడాదిగా నాతో పోస్టులో చదరంగం ఆడుతున్నారు. దసరాకి వచ్చి కలుస్తాను. ఆయన ఇంట్లో ఎప్పుడుంటారో కనుక్కో" అని రాశారు. కనుక్కోవలసిన పని లేదు. చెబుతాను.

రెండేళ్ళ క్రితం మీకు గనులకి బదిలీ అయినప్పుడు, పోస్టులో ఆడేవాళ్ళు కావాలని క్లబ్బు గోడకి కాగితం అంటించి వచ్చారు. నేను సామాను కడుతూ, "నాతో ఆడండి, నేర్చుకుంటాను" అన్నాను. మీ స్నేహితులంతా ఉన్నారు. "ఏటీ, నువ్వా? కార్డు మీద పప్పూ ఉప్పూ రాయి, చాలు. ఇది ఆడోళ్ళ బుర్రకెక్కీది కాదు" అన్నారు. అందరూ నవ్వారు. ఏడేళ్ళుగా ఆదివారాలు మీ ఆట పక్కన టీ గ్లాసులతో నిలబడ్డదాన్ని. గుర్రం ఎటు దూకుతుందో నాకప్పటికే తెలుసు.

కాసిడీహ్ బడిలో లెక్కలు చెప్పే త్రేసమ్మ గారు సాక్చీ బజార్లో పరిచయమయ్యారు. భర్త పోయాక ఆయన చదరంగం బల్లా, ఆయన నేర్పిన ఆటా ఆమెకి మిగిలాయి. నేర్పమని అడిగాను.

"మీ ఆయనకి పుస్తకంలో ఎత్తులన్నీ నోటికొచ్చు. ఆ దారినెల్తే నిన్ను ముంచేత్తాడు. ఆయనెప్పుడూ తొక్కని సందులోకి లాగాల" అన్నారామె.

ఆ సందు ఇది: తెల్లపావులతో మొదలుపెట్టి, నడుమ బంట్లు ముట్టకుండా, మంత్రి వైపు గుర్రం ముందున్న బంటును రెండు గళ్ళు తోయడం. అది ఖాళీ చేసిన గడిలోకి ఒంటెను తెచ్చి, మూల నుంచి మూలకి గురిపెట్టడం. ఆర్నెల్లు ఆమె చేతిలో ఓడిపోయాను. ఆ పక్క బంటును కాయబోయి నడుమంతా పోగొట్టుకునేదాన్ని. దాన్ని తిననిచ్చి, బదులుగా నడిమి బంటును తీసుకోవాలని ఒంటబట్టాకే గెలవడం మొదలైంది.

అప్పుడు మీకు మొదటి కార్డు పోస్టు చేశాను. నా దస్తూరీ పోల్చుకుంటారని త్రేసమ్మ గారి చేత రాయించాను. పేరు, చనిపోయిన వాళ్ళాయనది. ఎత్తులన్నీ నావి. పౌల్‌రాజు నేనే.

మోసమే, కాదనను. గెలిచాక నవ్వుతూ చెబుదామనుకున్నాను. మీ ఉత్తరాలే నవ్వు లేకుండా చేశాయి. ముఖం తెలియని ఆ మనిషికి "తమరు" అని, కార్డులు చాలక ఇన్లాండ్ లెటర్లు రాశారు. మావయ్య గారు పోయినప్పుడు ఏడుపు రాలేదని, అది ఇప్పటికీ పీడిస్తోందని ఆయనకి చెప్పుకున్నారు. నాకు చెప్పలేదు. మార్చిలో వచ్చిన ఉత్తరం చదువుతూ త్రేసమ్మ గారు సగంలో ఆగిపోయారు.

"వద్దులే అమ్మా" అన్నారు.

లాక్కుని చదివాను. "ఇంట్లో మనిషుంది గానీ, మాట్లాడ్డానికి ఎవరూ లేరండి." కింద "మీ జగ్గారావు" అని సంతకం. నాకెప్పుడైనా "మీ" కాకపోయినా "నీ" అని పెట్టారా? ఆ సాయంత్రమే మీ ఏనుగును కొట్టాను.

మొన్న మీ ఆఖరి కార్డు వచ్చింది. "ఓడిపోయాను సార్. ఇంత సంతోషంగా ఎప్పుడూ ఓడలేదు." ఆ గెలుపు నాకు ఒక్క పూట కూడా నిలవలేదు.

దసరాకి మీరొచ్చేసరికి నేను త్రేసమ్మ గారింట్లో ఉంటాను. కోపంతో కాదని రాసి కొట్టేశాను. కోపంతోనే. తాళంచెవి పక్కింటి పైడమ్మ గారికిచ్చాను. నాతో మాట్లాడాలనిపిస్తే కాసిడీహ్ రండి. చదరంగం బల్ల మాత్రం తేవద్దు.

ఇట్లు,
మీ భార్య
పద్మకుమారి