గాలిమరల బొంత

సీతాఫల్‌మండి, సికింద్రాబాద్
ఆగస్టు 2001

అమ్మా, మేం కులాసా.

మా ఆఫీసులో జర్మనీ ఆవిడ రూత్‌కి పుట్టబోయే బిడ్డ కోసం నువ్వు పంపిన బొంత నచ్చిందా అని అడిగావు. విప్పి చూడగానే ఆమె ముఖం పాలిపోయింది. నువ్వు ముక్కలు తిప్పి కుట్టిన గాలిమరలు ఆమెకు వేరేగా కనిపించాయి.

“గవి గాలిమరలని జెర చెప్పరాదే!” అంది పక్కనున్న కల్పలత. చెప్పాను.

“మీ అమ్మగారి తప్పేం లేదు. కానీ యూదులని మా అమ్మమ్మ వాళ్ళను చంపిన హిట్లర్ మనుషులు ఇలాంటి గుర్తే చేతికి కట్టుకునేవాళ్ళు. నా బిడ్డను దీనిమీద పడుకోబెట్టలేను” అని రూత్ ఏడ్చేసింది.

నువ్వు నొచ్చుకోకు. నీ కుట్టు ఒక్కటి కూడా విప్పను. నీ మనవరాలు దేవి ఆ బొంత మీదే పడుకుంటోంది. రూత్‌కి ఉత్త చదరాలతో నేనే ఇంకొకటి కుడతాను. “నీకు తీరికెక్కడిది, కొనిచ్చీ” అంటున్నారు ఈయన. కొనను. మెత్తబడిన నీ నేత చీరలు రెండు బాబ్జీ బావ చేత పంపించు. నాన్న దగ్గు తగ్గిందా? నూతికి మోటారు పెట్టించారా?

ఆదివారం రూత్ మా ఇంటికొస్తోంది. మొదటి కుట్టు తనే వేస్తుందట. సూది పట్టడం రాదంది. నువ్వు నాకు నేర్పినట్టే పక్కన కూర్చోబెట్టుకుని నేర్పుతాను.

నీకూ నాన్నకూ దండాలు.
నీ లోవలక్ష్మి