తాళం వేసిన కబురు

ఆసుపత్రి రికార్డుల విభాగం వారికి,
బస్టాండు మైకమ్మ నమస్కారాలు.

మీరు నన్ను చూసి ఉండకపోయినా వినే ఉంటారు. ఏ బస్సు ఏ ప్లాట్‌ఫాం మీదికి వస్తుందో మైకులో చెప్పేది నేనే. గొంతులో గడ్డ కనిపిస్తే మీ డాక్టరుగారు చిన్న ముక్క తీసి పరీక్షకు పంపారు. ఆ ఫలితం కోసం ప్రాణాలు ఉగ్గబట్టుకుని కూర్చున్నాను. గొంతు పోతే ఉద్యోగం పోతుంది. అదొక్కటేనా, మాట్లాడకుండా ఎలా బతకాలో నాకు చేతకాదు.

మా ఇంట్లో అందరికీ కలిపి ఒకటే ఈమెయిలు. భోజనాలయ్యాక మా ఆయన అన్నగారు, అంటే మా బావగారు, వచ్చినవన్నీ కళ్ళజోడు సర్దుకుని పైకి చదువుతారు. నిన్న నేను డ్యూటీలో ఉండగా మీది చదివారట. "ఈ సందేశానికి తాళం వేసి ఉంది. తెరవడానికి ప్రశ్నకు జవాబు ఇవ్వండి." అంతే, మా తోడికోడలు బావురుమంది. "చెడ్డ కబురు కాకపోతే తాళం ఎందుకేస్తారు?" అని ఒకటే గోల. దయచేసి ఆ తాళం తీసేసి మామూలుగా పంపండి.

ఇట్లు
మైకమ్మ

తా.క. జవాబు బస్టాండు అనౌన్స్‌మెంట్ గదికి రాయండి. ఇంటికి రాస్తే అదీ పైకి చదివేస్తారు.

---

మైకమ్మగారికి నమస్కారం.

కబురు మంచిదైనా చెడ్డదైనా, ఆఖరికి పంటి ఎక్స్‌రే అయినా, అందరికీ తాళమేనండీ. రోగి వివరాలు దారిలో ఎవరి కంటా పడకూడదని చట్టం. మెయిలు ఇక్కడ బయల్దేరేటప్పుడే గజిబిజి అక్షరాలుగా మారిపోతుంది. మీరు సరైన జవాబు ఇస్తేనే మళ్ళీ మాటలవుతుంది. నేను తాళం లేకుండా పంపానంటే మర్నాడు నా కుర్చీలో వేరేవాళ్ళుంటారు.

మీరు పేరు నమోదు చేయించుకున్నప్పుడు ఎంచుకున్న ప్రశ్న: "మీకు ఇష్టమైన రంగు ఏది?" జవాబు మీరే ఇవ్వండి. ఎవరికీ చెప్పకండి.

భవదీయురాలు
రికార్డుల గుమాస్తా

తా.క. ఆ ఫలితం నాకూ తెలియదు. నాకూ తాళమే. మీ గొంతు మాత్రం రోజూ వింటాను. అది చల్లగా ఉండాలని కోరుకుంటున్నాను.

---

రికార్డుల తల్లికి దీవెనలు.

నా గొంతు చల్లగా ఉండాలన్న మాట రెండుసార్లు చదువుకున్నాను. నీ కడుపు చల్లగా!

దారిలో సరే తల్లీ, ఇల్లు చేరాక ఎవరు కాపాడతారు? నీ ఉత్తరం అందేలోపే మా ఇంటిల్లిపాదీ ఆ ప్రశ్న మీద పడ్డారు. మా ఆయన నీలం అన్నాడు, నా యూనిఫాం నీలం కనక. తోడికోడలు తెలుపంది, తను నాకు కొనిపెట్టేవన్నీ తెలుపే కనక. బావగారు నిబ్బరంగా ఆకుపచ్చ అని కొట్టారు. మూడూ తప్పు. మెయిలు బిగుసుకుపోయింది. ఇన్నేళ్ళ కాపురంలో నాకు పసుపు రంగు ఇష్టమని ఒక్కరికీ తెలియదు! కోపమూ వచ్చింది, ఏడుపూ వచ్చింది.

పోనీ రంగేదో చెప్పమన్నారు. నువ్వు వద్దన్నావు కదా, చెప్పలేదు. దాంతో నాకు అంతా తెలిసే దాస్తున్నానని తేల్చేశారు. ఎన్నడూ లేంది, మా ఆయన మంచం దగ్గరికే కాఫీ తెస్తున్నాడు. తాగాలంటే భయంగా ఉంది. తోడికోడలు నన్ను వంటింట్లోకి రానివ్వడం లేదు. త్వరగా ఏదో ఒకటి చెయ్యి.

నీ
మైకమ్మ

తా.క. పక్కింటావిడ వచ్చి నా ఎదురుగానే, "పాపం, ఎంత కలివిడిగా ఉండేదో!" అంది.

---

మైకమ్మగారికి నమస్కారం.

ఎవరికీ చెప్పకండి అన్నానే! ఆ ఎవరిలో నేనూ ఉన్నానండీ. మీ రంగు నాకు రాసేశారు కాబట్టి ఆ ప్రశ్న రద్దు చేయాల్సి వచ్చింది.

గుర్తింపు కార్డు పట్టుకుని మా కిటికీ దగ్గరికి రండి. మీ ఒక్కరి పేరున మెయిలు తెరిపిస్తాను. పాస్‌వర్డు మీరే పెట్టుకోండి. మీరు టైపు చేసేటప్పుడు నేను గోడవైపు తిరిగి కూర్చుంటాను. ఫలితం ఆ మెయిలుకే పంపిస్తాం.

భవదీయురాలు
రికార్డుల గుమాస్తా

తా.క. ఆ పాస్‌వర్డు మైకులో చెప్పకండి.

---

బంగారు తల్లికి,

గడ్డ ప్రమాదకరమైంది కాదట! మందులతో కరుగుతుందట, కొన్నాళ్ళు గట్టిగా అరవకూడదట. అనౌన్స్‌మెంట్ గది తలుపేసుకుని ఒక్కదాన్నే చదువుకున్నాను. నా కబురు నాకంటే ముందు ఎవరూ చదవకపోవడం నా జీవితంలో ఇదే మొదటిసారి. నీకు ఎలా కృతజ్ఞతలు చెప్పాలో తెలియడం లేదు. ఇంట్లో నేనే, నా నోటితో చెప్పాను. మా ఆయన కళ్ళు తుడుచుకుని, మర్నాటి నుంచి కాఫీ తేవడం మానేశాడు.

ఇంకో విషయం. బావగారు నన్ను వరండాలో ఆపి, "అమ్మాయ్, ఆ తాళం ఇంట్లోవాళ్ళు కూడా తీయలేరా?" అన్నారు. "మీరు కూడా తీయలేరు బావగారూ," అన్నాను. ఆయన కళ్ళజోడు తీసి తుడవసాగారు. నేనింకేమీ అడక్కుండా మీ కిటికీ ఎక్కడుందో చెప్పాను. మర్నాడు పొద్దున్నే ఎటో వెళ్ళారు. ఈ మధ్య బాగా చిక్కారు కూడా. మీ దగ్గరికేనా? ఒక్క ముక్క రాయవూ?

నీ
మైకమ్మ

తా.క. ఫలితం చదవగానే "బతికిపోయాను దేవుడోయ్" అన్నాను. మైకు ఆపడం మరిచిపోయాను. ప్లాట్‌ఫాములన్నీ చప్పట్లు కొట్టాయి. చట్టం నన్నేమీ అనదు కదా?

---

మైకమ్మగారికి నమస్కారం.

మీ ఉత్తరం చదివి కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. ఈ తాళాల గురించి నాకు వచ్చేవన్నీ తిట్లే. కృతజ్ఞతలు చెప్పింది మీరే మొదలు. చట్టం మిమ్మల్ని ఏమీ అనదు. మీ కబురు మీది, మైకులో చెప్పుకున్నా మీ ఇష్టం.

మీరడిగిన పెద్దమనిషి వచ్చారో లేదో మాత్రం చెప్పను. వచ్చినా చెప్పను, రాకపోయినా చెప్పను. కోపం తెచ్చుకోకండి.

మీ
రికార్డుల గుమాస్తా

తా.క. మా రోగి ఒకరు మీకు కృతజ్ఞతలు చెప్పమన్నారు. ఇలా రాయడానికి సంతకం చేసి మరీ అనుమతి ఇచ్చారు. తన జబ్బు సంగతి తానే ఇంటిల్లిపాదికీ పైకి చదవాల్సి వస్తుందని భయపడి ఇన్నాళ్ళూ డాక్టరు దగ్గరికే రాలేదట. సమయానికే వచ్చారని, నయమవుతుందని డాక్టరుగారు చెప్పారట. పేరు మాత్రం రాయొద్దన్నారు.