సున్నం తిన్న నీలం పూలు

డోన్, 2-3-2004

అమ్మా, నువ్విచ్చిన నీలం పూల హైడ్రాంజియా మొక్క బాగుండాది, దిగులుపడాకు.

ఇంట్లో కుండీలో ఉన్నదాన్ని వానలు పడినాక పెరట్లో నాటినా. దసరాకు గోడలకు కొట్టగా మిగిలిన సున్నం నీళ్లు, చెదలు పట్టకుండా అని అత్త దాని మొదట్లో పోసింది. ఇప్పుడు పూలన్నీ గులాబీ రంగే! "మీ అమ్మ నీలం అని కదా చెప్పింది?" అని అత్త దెప్పితే నాకు శానా కోపమొచ్చింది. నీ అల్లుడు కర్నూలు నర్సరీలో అడిగొచ్చినాడు, సున్నానికి రంగు మారుతుందంట. అప్పట్నుంచి అత్త "అంతా నా సున్నం మహిమ" అని వీధంతా పిలిచి చూపిస్తాండాది.

నాన్న మోకాలినొప్పి తగ్గిందా? దండాలు చెప్పు. నాన్న ఇక్కడికి వచ్చేటప్పుడు ఇంకో మొక్క మనింటి మట్టితోనే పంపు. దాన్ని కుండీలోంచి కదిలించను. నీ మాట అబద్ధం కాదని ఈ ఇంట్లో ఒక్క నీలం పువ్వన్నా పూయాల.

నీ రమ్యశ్రీ